పడవ జెండాకి పసుపు

శుక్రవారం తెల్లవారి ఐదూ నలభైకి ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ తలుపుకి తాళం వేసేసరికి నా చంకలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో మూడుకోణాల జెండా ఒకటి. వెడల్పు పన్నెండు అంగుళాలు, పొడవు పద్దెనిమిది. తూకం వేస్తే రెండు జేబురుమాళ్ళంత బరువు కూడా ఉండదు. అయినా మెట్లు దిగి టాక్సీ దాకా నేను నడిచిన తీరు చూసినవాళ్ళెవరైనా లోపల పసిబిడ్డ నిద్రపోతోందనుకునేవాళ్ళు.

ఆ జెండా మర్నాడు ఉదయం పది గంటలకి, రెండువందల యాభై మైళ్ళ అవతల, లేక్ జార్జ్ ఒడ్డున, వాల్టర్ పడవ ముక్కు మీద ఎగరాలి. మధ్యలో ఉన్నవి ఒక రైలు, రెండు బస్సులు, నేను. వీటన్నిటిలోకీ నమ్మదగనిది నేనేనని మా ఆవిడ అరుణ అభిప్రాయం.

వాల్టర్ సంగతి చెప్పాలి. మా మందుల కంపెనీలో పదకొండేళ్ళు నా పై అధికారిగా ఉండి, రిటైరై ఆ సరస్సు ఒడ్డున స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయనకి 1952లో తయారైన చెక్క మోటారు పడవ ఉంది. రనబౌట్ అంటారు. అది చేపలు పట్టడానికీ కాదు, సరుకులు మోయడానికీ కాదు, ఎండాకాలం సాయంత్రాలు నీళ్ళమీద ఊరికే అటూ ఇటూ తిరగడానికి. పదిహేడు అడుగుల ఎర్రటి మహాగని చెక్క. దానికి ఆయన ఇప్పటిదాకా ఎన్ని పూతల వార్నిష్ వేశాడంటే, లోపల చెక్క అసలు ఉందా, పడవంతా వార్నిషేనా అని నాకు అనుమానం.

ఏటా ఆగస్టులో ఆ ఊళ్ళో ఇలాంటి పడవలకి పోటీ పెడతారు. న్యాయనిర్ణేతలు భూతద్దాలతో వస్తారు. ప్రతి వస్తువూ ఆ కాలం నాటిదై ఉండాలి, లేకపోతే ఆ కాలం నాటి పద్ధతిలోనే చేసిందై ఉండాలి. వాల్టర్ పడవ ముక్కున ఉండే అసలు జెండాని పురుగులు తినేశాయి. కిందటేడు బజారులో దొరికిన నైలాన్ జెండా కట్టుకెళితే పాయింట్లు కోసేశారు. 2009 వసంతంలో మా ఇంటికి భోజనానికొచ్చి గుత్తివంకాయ ముందు కూర్చుని ఆ బాధంతా చెప్పుకున్నాడు. అన్నం వడ్డిస్తున్న అరుణ గరిటె పక్కన పెట్టి, "ఆ పాత ముక్క ఒకసారి ఇలా పంపించండి, వాల్టర్ గారూ" అంది.

అరుణ పన్నెండేళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో తెలుగు పెళ్ళి ఏది జరిగినా పీటల మీద ఆవిడ కుట్టు కూర్చుని ఉంటుంది. ఆ చిరుగుల ముక్క రాగానే దాన్ని బల్లమీద పరిచి, సూది మొనతో ఒక్కో దారమే ఊడదీసి, ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ముడి వేశారు అని కాగితం మీద గీసుకుంది. మూడు నెలలు పట్టింది. పాలమీగడ రంగు పల్చటి ఉన్ని గుడ్డ, చుట్టూ ముదురు నీలం అంచు, పడవ పేరు ఎర్రటి అక్షరాలు కత్తిరించి రెండువైపులా చేత్తో కుట్టినవి, కర్రకి కట్టేవైపు కాన్వాస్ పట్టీ.

"ఇంత కష్టం ఎందుకే, ఆ మిషన్ మీద లాగించెయ్" అన్నాను ఒకరోజు.

"పన్నెండేళ్ళుగా నేను కుట్టినవన్నీ పెళ్ళిళ్ళకెళ్ళాయి. నగ ఎక్కడ కొన్నావని అడిగారు, చీర ఎక్కడ కొన్నావని అడిగారు. జాకెట్ ఎవరు కుట్టారని ఒక్కళ్ళు అడిగిన పాపాన పోలేదు. దీనికైనా భూతద్దం పెట్టి చూసేవాళ్ళున్నారటగా, చూడనివ్వండి" అంది తలెత్తకుండా.

ఆ తర్వాత నేను నోరు మూసుకున్నాను. మా ఇంట్లో ఇది అరుదైన సంఘటన.

తీరా బయల్దేరే సమయానికి ఎడిసన్‌లో ఒక పెళ్ళికూతురి జాకెట్లు సరిచేయాల్సొచ్చి అరుణ గురువారమే కారు తీసుకుని అక్కడికెళ్ళిపోయింది. అందుకే నాకు టాక్సీ, రైలు, బస్సు. ఫోన్‌లో మాత్రం రెండుసార్లు చెప్పింది, "కొత్త గుడ్డ. పసుపు పెట్టకుండా గడప దాటించకండి. ఎక్కడ పెట్టాలంటే..." అని. ఎక్కడ పెట్టాలో చెప్పే భాగానికి నేను "సరే సరే" అంటూ ఫోన్ పెట్టేశాను. పసుపు పెట్టడం నాకు ఒకరు నేర్పాలా?

ఐదున్నరకి గిన్నెలో పసుపు కలిపాను. చీరకైనా పంచెకైనా నాలుగు మూలలుంటాయి. దీనికి మూడే. ఒక మూల తగ్గిన లోటు తీర్చాలని మూడింటికీ కాస్త ధారాళంగానే పెట్టాను. మడిచి పెట్టెలో పెట్టాను. తడి ఆరలేదన్న సంగతి నాకూ తట్టలేదు, జెండా కూడా చెప్పలేదు.

ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో ఆరూ పద్నాలుగు రైలు. న్యూయార్క్ చేరేసరికి ఏడూ ఇరవై ఐదు. అక్కడినుంచి బస్ స్టేషన్ నడక దూరమే, కానీ నేను పెట్టెను ఎవరికీ తగలనివ్వకుండా గోడ పక్కన పీతలా నడవడంవల్ల అరగంట పట్టింది. ఆల్బనీ బస్సు ఎనిమిదిన్నరకి. వెళ్ళదలుచుకున్నవాళ్ళు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, సగానికి సగం తగ్గుతుంది. నేను ముందే చేసుకోలేదు.

పక్కసీట్లో ఒక అమ్మాయి. నా డబ్బాలో పెరుగన్నం వాసన పసిగట్టి తెలుగులోనే మొదలుపెట్టింది. పేరు శ్రావణి, వరంగల్ నుంచి వచ్చి ఆల్బనీలో ఎమ్మెస్ చేస్తోంది.

"అంకుల్, గా అట్టడబ్బాల ఏమున్నది? అంత భద్రంగ ఒళ్ళో పెట్టుకున్నరు."

"జెండా. ఒక నౌకది" అన్నాను. పదిహేడు అడుగుల పడవని నౌక అనడంలో పెద్ద తప్పులేదు.

"నేవీయా?"

"నేవీ లాంటిదే. నౌకాధిపతి పేరు వాల్టర్. రేపు ఉదయం పది గంటలకి నౌకల పరీక్ష. ఈ జెండా అందకపోతే ఆయన పరువు సరస్సులో కలుస్తుంది. ఇది మేము మూడు నెలలు కుట్టాం."

"మీరు కుడతరా అంకుల్?"

"మా ఆవిడ కుట్టింది. నేను పక్కన ఉన్నాను."

"చూపియ్యుండ్రి."

ఇంత ఉపన్యాసం ఇచ్చాక చూపించక తప్పదు. పెట్టె మూత తీసి జెండాని రెండు చేతులా విప్పాను. మూడు మూలలా మూడు పసుపు మచ్చలు ఉంటాయని నాకు తెలుసు. నాలుగోది, ఐదోది ఎక్కడినుంచి వచ్చాయో తెలియలేదు. మడతల్లో తడి మూలలు ఒత్తుకుని, మీగడ రంగు గుడ్డ నడిమధ్యన, పడవ పేరు కిందుగా, అరచేతిలో సగం మేర పసుపు అచ్చులు పడ్డాయి.

శ్రావణి చాలాసేపు చూసి, "మా అమ్మ గోరంత పెడతది అంకుల్, గది కూడ ఎన్కకు" అంది.

ఎన్కకు. అరుణ ఫోన్‌లో చెప్పబోయిన భాగం అదేనని నాకు అప్పుడు అర్థమైంది.

పదకొండూ ముప్పై ఐదుకి ఆల్బనీ. తర్వాతి బస్సు రెండూ పదికి. రెండున్నర గంటలు నా చేతిలో ఉన్నాయి. మరకతో వాల్టర్ ముందుకి వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. నా నిశ్చయాలు సామాన్యంగా కాఫీ తాగేలోపు కరిగిపోతాయి గానీ ఇది అరుణ మూడు నెలల పని. నేరుగా వాష్‌రూమ్‌కి వెళ్ళి, ఇంటినుంచి తెచ్చుకున్న సబ్బుబిళ్ళ తీసి, జెండా నడిమధ్య తడిపి రెండుసార్లు రుద్దాను.

పసుపు ఎర్రబడింది. ఆ ఎరుపు చూసి పక్కన చేతులు కడుక్కుంటున్న ఆయన, "దెబ్బ తగిలిందా?" అని కాగితం తువ్వాళ్ళు అందించాడు.

బయటికి వచ్చేసరికి శ్రావణి ఇంకా అక్కడే ఉంది. ఆమె సిటీ బస్సు రావడానికి పావుగంట ఉందట. జెండా చూసి, "కుంకుమ చేసిన్రు కద అంకుల్. మీరు ఫార్మాల క్వాలిటీ చూస్తరన్నరు?" అంది.

చూస్తాను. పద్దెనిమిదేళ్ళుగా రంగులు మారే కాగితాలు ముంచి, ఇది ఆమ్లం, ఇది క్షారం అని సంతకాలు పెడుతున్నాను. పసుపులో సున్నం పడితే కుంకుమవుతుందని మా అమ్మమ్మకి తెలుసు. సబ్బులో క్షారం ఉంటుందని నాకు తెలుసు. ఈ రెండు తెలివులూ నా బుర్రలో ఇన్నేళ్ళుగా పక్కపక్కనే కాపురం ఉంటూ ఒక్కసారి కూడా పలకరించుకోలేదు.

పులుపు తగిలితే మళ్ళీ పసుపవుతుంది. స్టేషన్‌లో టీ అమ్మే కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఒక టీ, ఎనిమిది నిమ్మ ముక్కలు అడిగాను. అక్కడి అమ్మాయి నన్నొకసారి, టీ కప్పునొకసారి చూసి ముక్కలిచ్చింది. నీళ్ళలో పిండి, మెల్లగా అద్దాను. ఎరుపు వెనక్కి తగ్గి పసుపైంది. అంటే అరగంట పోరాడి బయల్దేరిన చోటికే చేరాను. మంచినీళ్ళతో పులుపు కడిగాను. శ్రావణి బస్సు వచ్చింది. "ఆంటీకి ఫోన్ చెయ్యుండ్రి అంకుల్, మీతోటి కాదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

చేశాను. జరిగిందంతా చెప్పాను. నా అలవాటు ప్రకారం పెంచి చెప్పలేదు, తగ్గించే చెప్పాను. అయినా అవతల కుట్టు మిషన్ ఆగిపోయింది.

"ముందువైపు పెట్టారా?"

"ముందువైపే. మూడు మూలలా."

"మూడు మూలలా ఎవరు పెట్టమన్నారండీ? పట్టీ వెనకాల, కనపడకుండా, ఒక చుక్క అన్నాను."

"ఆ ముక్క దగ్గరే ఫోన్..."

"సబ్బు రుద్దారా?"

"రెండే రెండుసార్లు."

అవతల కత్తెర బల్లమీద పెట్టిన చప్పుడైంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది, "ఇంకేమీ చెయ్యకండి. రుద్దకండి, పిండకండి. ఎండలో పెట్టండి. పసుపు ఎండకి నిలవదు. పట్టీ దళసరి గుడ్డ, అక్కడే కాస్త మొండికేస్తుంది. ఎండ ఎక్కడుంటే అక్కడికి దాన్ని తిప్పండి. మీరు చేయాల్సిందల్లా అంతే."

బస్సెక్కే లోపు స్టేషన్ బయట బెంచీ మీద పరిచి కాపలా కాశాను. పావురాలతో రెండుసార్లు గొడవైంది. రెండూ పదికి ఉత్తరం వైపు బయల్దేరే బస్సులో మధ్యాహ్నం ఎండ ఎడమవైపు పడుతుంది. ఎడమవైపు కిటికీ సీట్లన్నీ నిండిపోయాయి. మూడో వరుసలో ఎనభై ఏళ్ళ ఆవిడ ఊలు అల్లుకుంటూ కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, సీటు మారతారా అని అడిగాను.

"కొండలు చూద్దామని ఈ సీటు తీసుకున్నాను. నీకెందుకు కావాలి?"

నౌక, నౌకాధిపతి కథ నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ చేతిలో సూదులు చూశాక అబద్ధం సాగదనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పి జెండా చూపించాను. ఆవిడ మరక వైపు చూడనే లేదు. అంచు పట్టుకుని వేలితో తడుముతూ పోయింది.

"ఇది చేత్తో కుట్టింది."

"అవునండి."

"అయితే సీటు మారను. పైకొస పట్టుకుంటాను, కిందకొస నువ్వు పట్టుకో."

తొంభై నిమిషాలు అలా కిటికీకి జెండాని ఆనించి పట్టుకున్నాం. మలుపు తిరిగి నీడ పడ్డప్పుడల్లా ఆవిడే "పైకెత్తు, చెట్లొస్తున్నాయి" అని హెచ్చరించేది. కొండలు వచ్చాయో పోయాయో ఇద్దరం చూడలేదు. దిగేముందు కిటికీ నుంచి తీసి చూస్తే నడిమధ్య మచ్చలు పల్చబడి, చాయ తగ్గిన టీ నీళ్ళలా ఉన్నాయి.

మూడూ నలభైకి లేక్ జార్జ్. బస్సు ఆగేచోటికి ఐదు నిమిషాల నడకలో మోటెల్. పోటీ రోజుల్లో గది దొరకడం కష్టం, నాకు దొరికింది రోడ్డు వైపు గది. సరస్సు చూడాలంటే బాత్‌రూమ్ కిటికీలోంచి మెడ సాచాలి. నాకు సరస్సుతో పనిలేదు, పడమటి ఎండతో పని. మేడమీద వరండా కటకటాల మీద జెండా పరిచి నాలుగు కుర్చీలు మారాను. వాల్టర్ ఫోన్ చేశాడు.

"మూర్తీ, జెండా వచ్చిందా?"

"వచ్చింది. ప్రయాణం బడలిక. ఆరుబయట విశ్రాంతి తీసుకుంటోంది."

"పట్టుకురానా బండి?"

"వద్దు. రేపు ఉదయం నేనే తెస్తాను."

సూర్యుడు కొండ వెనక్కి దిగేదాకా అక్కడే ఉన్నాను. రాత్రి భోజనం మిగిలిన పెరుగన్నం.

శనివారం ఆరింటికి లేచి చూస్తే సరస్సు లేదు, కొండ లేదు, ఎదురు షాపు లేదు. అంతా పొగమంచు. ఎనిమిదింటికి కూడా అంతే. చేతిలో జెండా, పైన తెల్లటి దుప్పటి. మోటెల్ వెనక పిక్నిక్ బల్లలున్నాయి. అన్నిటికన్నా ఎత్తైన బల్ల ఎక్కి, జెండాని తలమీదికెత్తి నిలబడ్డాను. ఎనిమిదీ నలభైకి మంచు విడింది. తొమ్మిదీ పది దాకా నేను దిగలేదు. అటుగా కుక్కతో వచ్చినాయన నాకు వందనం చేశాడు. ఏ దేశపు జెండా అనుకున్నాడో తెలియదు.

కిందికి దిగి చూశాను. నడిమధ్య మచ్చలు లేవు. రెండు మూలలు తెల్లబడ్డాయి. మూడోది, కాన్వాస్ పట్టీ పైమూల మీద మాత్రం పెసరగింజంత మిగిలింది. అరుణ చెప్పినట్టే మొండికేసింది. ఇక టైమ్ లేదు.

వాల్టర్ పడవ దగ్గర తెల్ల ప్యాంటు, తెల్ల టోపీతో నిలబడి ఉన్నాడు. జెండా చేతిలో పెట్టాను. తిరగేశాడు, మళ్ళీ తిరగేశాడు. ముక్కు మీది చిన్న ఇత్తడి కర్రకి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. సరస్సు గాలికి జెండా ఒక్కసారి విప్పుకుంది.

పదీ ఇరవైకి న్యాయనిర్ణేతలు వచ్చారు. మెడలో భూతద్దం వేలాడదీసుకున్న ఒకావిడ, నోట్‌బుక్‌తో ఒకాయన. ఆయన ఇంజన్ వైపు వెళ్ళాడు. ఆవిడ జెండాతోనే మొదలుపెట్టింది. అక్షరాల అంచులు, మడత లోపలి కుట్టు, ముడులు, ఒక్కొక్కటీ చూసింది. అరుణ చీరకి ఫాల్ కుట్టేటప్పుడు బయటికి దారం కనపడనివ్వదు. ఇక్కడా అదే చెయ్యి.

"మిషన్ ఎక్కడా తగల్లేదు. ముప్పై ఏళ్ళలో ఇలాంటి కుట్టు నేను రెండోసారి చూస్తున్నాను. ఎవరు కుట్టారు?" అంది.

"మేము..." అని మొదలుపెట్టాను. నోటికి అలవాటైన మాట.

అప్పుడే ఆవిడ భూతద్దం పట్టీ మూల మీద ఆగింది. "ఇదేమిటి? వార్నిషా?"

నా ప్రాణం లేచొచ్చింది. అబద్ధం ఆవిడే పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. అవునంటే సరిపోతుంది. కానీ వార్నిష్ చుక్క అంటే వాల్టర్ చెయ్యి జారిందని. వాల్టర్ అప్పటికే టోపీ తీసి అయోమయంగా తన పడవ వైపు చూస్తున్నాడు. అదీగాక, మేము కుట్టాం అంటే మరక కూడా మా ఇద్దరిదీ అవుతుంది. మూడు నెలలు తలెత్తకుండా కుట్టిన మనిషి ఖాతాలో నా మూడు వేళ్ళ పని పడుతుంది.

"వార్నిష్ కాదండి, పసుపు. మా ఇళ్ళలో కొత్త గుడ్డ ఏదైనా ముందు పసుపు పెట్టాకే వాడతాం. మంచి జరగాలని. వెనకవైపు చుక్క పెట్టాలి. నేను ముందువైపు మూడు చోట్ల పెట్టాను. నిన్నటినుంచి ఎండలో ఆరబెడుతున్నాను, అంతమటుకు మిగిలింది. కుట్టింది మా ఆవిడ ఒక్కతే. విడివిడిగా రాసుకోండి. కుట్టు అరుణ, మరక మూర్తి."

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద పెన్ను పెట్టి, "అరుణ, ఒక్కో అక్షరం చెప్పు" అంది. చెప్పాను. తయారుచేసినవారు అన్న గీత మీద రాసుకుంది. ఆ కిందే మరకకి ఒక పాయింట్ కోసింది. ఒక పాయింట్ ఒక పాయింటే, మంచి జరగాలని పెట్టినదానికైనా సరే.

మూడింటికి ఫలితాలు. వాల్టర్ పడవకి రెండో స్థానం. మొదటిదానికి రెండు పాయింట్లు తక్కువ. ఒకటి నా పసుపు. రెండోది ఇంజన్ మూత కింద ఆయన బిగించిన కొత్తరకం బోల్టు.

ఒడ్డున కూర్చుని శాండ్‌విచ్ తింటూ వాల్టర్, "వచ్చే ఏడాది ఆ బోల్టు మార్చేస్తాను. నువ్వు పసుపు మానేస్తావా?" అన్నాడు.

"మానం. వెనకవైపు పెడతాం."

ఆయన ఆలోచించి, "అది సబబే" అన్నాడు.

ఆదివారం పదీ ఐదు బస్సుకి తిరుగుప్రయాణం. నా పెట్టెలో మూడు చిరుగుల జెండాలు. పక్క పడవలవాళ్ళు ముగ్గురు, ఫలితాల కాగితం మీద అరుణ పేరు చూసి, వీటికీ జోడీ కుట్టిపెట్టమని ఇచ్చినవి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నా సలహా ఏమిటంటే, ఎండ కావాలంటే న్యూయార్క్ నుంచి ఆల్బనీ దాకా ఉదయం కుడివైపు కూర్చోండి, అక్కడినుంచి మధ్యాహ్నం ఎడమవైపు. కొండలు చాలా బావుంటాయని అందరూ అంటారు. రాను పోను నేను మాత్రం పెట్టె మూతే చూశాను.

బస్సులోంచి అరుణకి ఫోన్ చేసి ఆ భూతద్దం ఆవిడ మాట చెప్పాను. ముప్పై ఏళ్ళలో రెండోసారి అన్నదని. "మళ్ళీ చెప్పండి" అంది. చెప్పాను. ఒక్క సంవత్సరం కూడా కలపలేదు. నా జీవితంలో అరుణకి పెంచకుండా, తగ్గించకుండా చెప్పిన మొదటి మాట ఇదే, పెంచడానికి అందులో ఖాళీ లేదు.

సాయంత్రం ఆరింటికి ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో కారుతో ఉంది. ఎలా ఉన్నారని అడగకుండా పెట్టె అందుకుంది. బానెట్ మీద పెట్టి మూత తీసి, అన్నిటికన్నా పాతది, సగం చిరిగింది, వెలుగుకి ఎత్తి పట్టుకుంది. కుట్టు వెంట వేలు నడుపుతూ చాలాసేపు చూసింది.

"చెయ్యి తిరిగిన మనిషి. ఎవరండీ కుట్టింది?"

"ఏమో. నేను అడగలేదు" అన్నాను.

అరుణ జెండా దించి నా వైపు చూసింది. పెట్టె మూత మూసి, కారు తాళాలు నా చేతిలో పెట్టి, నా జేబులోంచి ఫోన్ తనే తీసి వాల్టర్ నంబర్ నొక్కింది.